పొద్దున్నే చోడంబలి

విజయనగరం ఎండల్లో పొద్దున్నే టిఫిన్ల హడావుడి కంటే చోడంబలి, అంటే రాగి అంబలి, నయం. ఖర్చూ తక్కువే. నలుగురికి గ్లాసు చోడిపిండి చాలు. రాత్రి గిన్నెలు తోమినవాళ్లే దాన్ని రెండు గ్లాసుల నీళ్లలో జారుగా కలిపి మూత పెట్టేస్తే తెల్లారేసరికి పులుస్తుంది. పొద్దున్న ఐదు గ్లాసుల నీళ్లు మరిగించి, గుప్పెడు నూకలు మెత్తగా ఉడికాక, మంట తగ్గించి పులిసిన పిండి సన్నగా పోస్తూ ఆపకుండా కలపాలి. పొడిపిండి నేరుగా వేస్తే ఉండలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పచ్చివాసన పోయేదాకా, ఓ పది నిమిషాలు, గరిటె వదలకూడదు. ఆ పని మగవాళ్లకి అప్పజెప్పండి, చెయ్యి లాగేది అదొక్కటే! నంజుకోడానికి ఉల్లిపాయలు పిల్లలు ఒలుస్తారు. మజ్జిగ, ఉప్పు బాగా చల్లారాకే. వేడి మీద పోస్తే విరిగిపోతుంది. సాయంత్రానికి ఉంచేదాంట్లో మజ్జిగ కలపొద్దు, పుల్లబడిపోతుంది.