లెమాన్ సరస్సు పైన సున్నపురాయి కొండ: రోషే ద నే చుట్టుదారి

స్విట్జర్లాండ్‌లోని మాంత్రో ఊరి వెనక నిటారుగా లేచే రోషే ద నే శిఖరం ఎత్తు 2042 మీటర్లు. దాని పాదాల దగ్గరున్న లెమాన్ సరస్సు (మనవాళ్లు జెనీవా సరస్సు అంటారు) 372 మీటర్ల ఎత్తులో ఉంది. శిఖరం దాకా 1892 నుంచీ పళ్లపట్టాల రైలు (పట్టాల మధ్య ఉన్న పళ్లను చక్రంతో పట్టుకుంటూ నిటారు కొండ ఎక్కేది) నడుస్తోంది కాబట్టి చాలామంది రైల్లో పైకెళ్లి, ఫొటోలు తీసుకుని దిగిపోతారు. అది తప్పేం కాదు. కాకపోతే ఇదంతా సున్నపురాయి కొండ. ఇక్కడి గుహలు, నీటి కరువు, కాలు జారే రాళ్లు అన్నీ ఆ రాయి వల్ల వచ్చినవే. అది తెలియాలంటే నడవాల్సిందే.

మేం మాంత్రోలో రైలెక్కి కో స్టేషన్లో దిగాం. అక్కడికి ఎత్తు సుమారు 1050 మీటర్లు. జమాన్ కనుమ, బొనోదోన్ కనుమ, నే గుహలు, శిఖరం, అక్కణ్నుంచి సోతొదో మీదుగా మళ్లీ కో: ఇదీ వరస. ఎక్కుడు వెయ్యి మీటర్లకు పైమాటే. విశ్రాంతి కాక ఐదారు గంటల నడక. దీన్ని తిరగేసి నడవొద్దని గట్టిగా చెబుతాను. గుహల దారి చాలా నిటారు. ఎక్కేటప్పుడు చెయ్యి ఎక్కడ పట్టాలో, కాలు ఎక్కడ మోపాలో కళ్లముందే కనిపిస్తుంది. దిగేటప్పుడు అడుగు వేసే చోటే కనబడదు.

దారి తప్పే భయం తక్కువ. పసుపు పలకల మీద దూరం ఉండదు, నడిచే సమయం ఉంటుంది. అది ఆగకుండా నడిచేవాళ్ల లెక్క, దానికి మూడోవంతు కలుపుకోండి. ఉత్త పసుపు గుర్తుంటే మామూలు కాలిబాట. తెలుపు-ఎరుపు-తెలుపు చారలుంటే కొండదారి, అక్కణ్నుంచి నిలకడగా అడుగు వెయ్యగలగాలి. మడమ పైదాకా పట్టే గట్టి అడుగు బూట్లు వేసుకోవాలి.

జమాన్ కనుమ ఎత్తు 1512 మీటర్లు. పొడుచుకొచ్చిన పన్నులాంటి జమాన్ శిఖరం నెత్తిమీదే ఉంటుంది. ఈ గట్టుకు పడమట పడ్డ వాన లెమాన్ సరస్సులోకి, అక్కణ్నుంచి రోన్ నది వెంట మధ్యధరా సముద్రానికి పోతుంది. తూర్పున పడ్డది ఒంగ్రాన్ ఏట్లో కలిసి, చివరికి రైన్ నది ద్వారా ఉత్తర సముద్రం చేరుతుంది. వలస పక్షులు కూడా ఈ కనుమలోంచే దాటుతాయి. శరత్కాలంలో వాటిని పట్టి, కాలికి ఉంగరం తొడిగి వదిలే కేంద్రం ఇక్కడుంది.

నీళ్లు పట్టుకోవాల్సింది జమాన్ కనుమ చేరేలోపే. పైన రాయి పగుళ్లు వానను పడ్డది పడ్డట్టే మింగేస్తాయి, వాగన్నది కనిపించదు. మనిషికి రెండు లీటర్లు తప్పనిసరి. పశువుల తొట్టెల్లో నీళ్లు తాగొద్దు. మేతకొచ్చిన ఆవులు దూడలతో ఉంటే మంద మధ్యలోంచి వెళ్లకుండా చుట్టూ తిరిగి వెళ్లాలి. తీసిన దడి తలుపు మళ్లీ వెయ్యాలి.

బొనోదోన్ దాటాక అసలు దారి మొదలవుతుంది. పక్కన లోయ, పట్టుకోవడానికి గొలుసులు, తర్వాత కొండలోకి తెరుచుకున్న నోరు. లోపల చల్లగా, తేమగా ఉంటుంది. కొన్ని అడుగులు వేసేసరికి వెలుతురు పోతుంది. ఫోన్ లైటు పనికిరాదు, ఎందుకంటే నిచ్చెన దగ్గర రెండు చేతులూ కావాలి. నుదుటికి కట్టుకునే లైటే తెచ్చుకోండి. ఇరుకు చోట బ్యాగు విప్పి ముందు దాన్ని జరపాలి. తడిసిన సున్నపురాయి మీద బురద పూత పడితే ఎంత మంచి బూటైనా జారుతుంది, కాబట్టి వాన పడ్డ మర్నాడు ఇటు రావొద్దు. ఎండ తగలని ఈ వైపు గండ్లలో జూన్‌లో కూడా మంచు మిగిలి ఉండొచ్చు. గట్టిపడిన ఆ మంచు మీద జారితే ఆగడం కష్టం. పిల్లలుంటే, ఎత్తు చూస్తే కళ్లు తిరిగేవాళ్లుంటే జమాన్ స్టేషన్ నుంచి మామూలు దారిలో శిఖరానికి వెళ్లొచ్చు. అందులో చిన్నతనమేమీ లేదు.

శిఖరం దగ్గర రాంబెర్తియా అనే ఆల్పైన్ మొక్కల తోట ఉంది, 1896లో పెట్టింది. మార్మొట్లు (కొండల్లో బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువులు) ఈల వేస్తే వినిపిస్తుంది. దక్షిణాన దాం ద్యూ మిది శిఖరాలు. శరత్కాలంలో సరస్సు మీద పొగమంచు దుప్పటి పరుచుకుంటుంది. మాంత్రోలో ఏమీ కనబడటం లేదని ప్రయాణం మానుకోవద్దు. శిఖరం మీది కెమెరా దృశ్యం ఇంటర్నెట్లో చూసుకోండి, పైన ఎండ కాస్తూ ఉండొచ్చు. వేసవిలో మాత్రం మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపు శిఖరం వదిలెయ్యాలి. అక్కడంతా గడ్డి, ఇనుప కంచెలు, పట్టాలే.

దిగుడంతా సరస్సు వైపే. మొదట గడ్డివాలు, తర్వాత అడవి. మోకాళ్లకు చేతికర్రలు ఆసరా. ఇదే ఒడ్డున, వెవే ఊరు దాటాక మెట్లుమెట్లుగా కనిపించేవే లావో ద్రాక్షతోటలు. 11వ శతాబ్దంలో సన్యాసులు మొదలుపెట్టిన ఈ గట్లను 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ఆకాశంలో ఉన్న సూర్యుడు, నీళ్లలో మెరిసేది, రాతిగోడల్లో దాచుకున్న వేడి కలిసి తమ తోటకు మూడు సూర్యుళ్లని అక్కడివాళ్లంటారు. ఎక్కువగా పండేది షాస్లా రకం తెల్లద్రాక్ష.

ఆ తోటల్లో నడకను అదేరోజు తగిలించుకోవద్దు. మర్నాడు సాన్ సఫొరాన్ నుంచి లూత్రి దాకా 11 కిలోమీటర్లు, మూడు గంటలకు పైగా పడుతుంది. నీడ దాదాపు ఉండదు, పైగా గోడల సెగ కొడుతుంది కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. అలసిపోతే కింద రైల్వే లైను ఉంది, ఒడ్డున ఉన్న ఊళ్లలో బండి ఆగుతుంది.