ఆ వచనంలో ‘గనుక’ అనే మాట

2017 ఈస్టర్ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి సమాధుల తోటలో కొవ్వొత్తి పట్టుకుని నిలబడ్డాను. నాన్నగారి సమాధికి ముందురోజే సున్నం వేయించాం. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని ఎదురొచ్చిన అందరికీ నవ్వుతూ వందనాలు చెబుతోంది. ఆ నవ్వుకి కారణం నాకు తెలుసు. భస్మ బుధవారం నుంచి ఆ రోజు దాకా నేను చుక్క ముట్టలేదు. ఈస్టర్‌కి ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం మొత్తం మోకాళ్ల మీద చేసిన ప్రమాణం నిలబెట్టుకున్నాను.

అదే సాయంత్రం ఏడింటికి ఊరి బయట వైన్ షాపు ముందు నిలబడ్డాను. నలభై రోజులూ అయిపోయాయి, ప్రమాణం కూడా తీరిపోయింది అనిపించింది. ఆ రాత్రి తాగినంత అంతకుముందు ఎప్పుడూ తాగలేదు.

నేను గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌ని. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు సీజన్. రాత్రి పన్నెండుకి కూడా లారీలు వస్తూనే ఉంటాయి. ఒళ్లు నొప్పులకని హమాలీలతో కలిసి మొదలుపెట్టిన క్వార్టర్ పదేళ్లలో హాఫ్ అయింది. ఏటా డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో బైబిల్ వచనం రాసిన వాగ్దానం కార్డు తీసుకుని, వెంటనే కళ్లు మూసుకుని నేనూ దేవుడికి ఒక మాట ఇచ్చేవాణ్ణి. ఇంటికొచ్చి కొత్త క్యాలెండర్‌లో తాగని రోజుకి ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవాణ్ణి. ఎక్కువసార్లు సంక్రాంతి దాకా కూడా టిక్కులు వెళ్లలేదు.

మాట తప్పిన ప్రతిసారీ రూలు గట్టిగా లేదనుకుని ఇంకో రూలు చేర్చేవాణ్ణి. శనివారం ముట్టకూడదు, రేపు గుడి ఉంది. జీతం రోజున ముట్టకూడదు. ఇంట్లో సీసా పెట్టకూడదు. ఈ రూళ్లన్నీ మంచివే. కానీ నా జీవితంలో అవి చేసిన పని చెబుతాను. ఇంట్లో వద్దనుకున్నాక గోడౌన్ వెనక తాగాను. మా సంఘంవాళ్లు చూస్తారని రెండు కిలోమీటర్ల దూరంలో షాపు చూసుకున్నాను. జేబులో యాలకులు పెట్టుకోవడం నేర్చుకున్నాను. తాగుబోతుగా మొదలైనవాణ్ణి అబద్ధాలకోరుగా కూడా తయారయ్యాను. ఇంకొకటి. ఒక్క గుక్క పడగానే ‘ఎలాగూ తప్పాను కదా’ అనిపించేది. ఆ మాట తర్వాత మిగతా సీసాకి అడ్డం ఏమీ ఉండేది కాదు. ఒక్క ఆజ్ఞ విషయంలో తప్పిపోతే అన్నిటి విషయంలోనూ అపరాధి అని బైబిల్లో యాకోబు పత్రికలో ఉంది. నేను దాన్ని సరిగ్గా తలకిందులుగా బతికాను.

మాది లూథరన్ కుటుంబం. 1842లో మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పరిచర్య ద్వారానే మా తాతగారి తాతగారు ప్రభువుని తెలుసుకున్నారని ఇంట్లో చెప్పేవారు. మా సంఘానికి ఆ పేరు తెచ్చిన సంస్కర్త మార్టిన్ లూథరు 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకాన్ని చిన్నప్పుడు కంఠతా పట్టాం. అందులో పది ఆజ్ఞలు ముందు వస్తాయి, విశ్వాస ప్రమాణం తర్వాత వస్తుంది. నేను ఆ ఆజ్ఞల దగ్గరే ఆగిపోయానని నలభై ఏళ్లు దాటాక అర్థమైంది. అసలు లూథరు కథ కూడా ఒక ప్రమాణంతోనే మొదలవుతుంది. 1505లో పిడుగుపాటుకి భయపడి, బతికితే సన్యాసినవుతానని మొక్కుకున్నాడు. అన్నమాట ప్రకారం మఠంలో చేరాడు. ఉపవాసాలున్నాడు. చెప్పకుండా ఏదైనా పాపం మిగిలిపోయిందేమోనని గంటల తరబడి ఒప్పుకోళ్లు చేశాడు. అంత చేసినా మనశ్శాంతి రాలేదు. ఆయన గురించి చదువుతుంటే నా ఎర్ర టిక్కుల క్యాలెండర్ గుర్తొచ్చి కళ్లమ్మట నీళ్లొచ్చాయి.

2019లో ఒక ఆదివారం గుడిలో ప్రభు భోజన సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆరాధన) ఉంది. ముందురోజు రాత్రి తాగాను. వెనక బెంచీలో కూర్చుని, బల్ల దగ్గరికి పిలవగానే చెప్పులు వేసుకుని బయటికొచ్చేశాను. మధ్యాహ్నం మా పాస్టరు అయ్యగారు మా ఇంటికొచ్చారు. అప్పటికి ఆయన మా సంఘానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. తిడతారనుకున్నాను. మా ఆవిడ మజ్జిగ ఇస్తే తాగి, నన్ను మేడ మీదికి తీసుకెళ్లారు. ఇంకోసారి ప్రమాణం చేయించడానికి వచ్చారేమో అనుకుని నేనే ముందు చేతులు జోడించాను. ఆయన ఆ చేతులు పట్టుకుని కిందికి దించారు.

“ఇక ప్రమాణాలొద్దు తమ్ముడూ. నువ్వు చాలా చేశావు. తాగిన రోజు నాకు ఫోన్ చెయ్యి. తాగని రోజు చెయ్యక్కర్లేదు, తాగిన రోజే చెయ్యి.”

తర్వాత రోమా పత్రిక 6వ అధ్యాయం 14వ వచనం తీసి నన్నే చదవమన్నారు. ‘మీరు కృపకే గాని ధర్మశాస్త్రమునకు లోనైనవారు కారు గనుక పాపము మీమీద ప్రభుత్వము చేయదు.’ చిన్నప్పటి నుంచి విన్న వచనమే. ‘గనుక’ దగ్గర వేలు పెట్టి ఆపారు. ఆ పత్రిక రాసిన పౌలు చెప్పిన కారణం చూడమన్నారు. నాకు తెలిసిన లెక్క ప్రకారమైతే అక్కడ ఇంకోలా ఉండాలి: కట్టుబాట్లకి లోబడితే పాపం ఏలదు, కృప అని చనువిస్తే నెత్తికెక్కుతుంది. పౌలు దాన్ని పూర్తిగా తిప్పి రాశాడు. కృప కింద ఉన్నావు గనుకనే పాపం నిన్ను ఏలలేదట. ఆ రాత్రంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరిగాను.

పది రోజుల తర్వాత తాగాను. రాత్రి పదకొండుకి గోడౌన్ వెనక నుంచే ఫోన్ చేశాను. మాట ముద్దగా వస్తోంది. ఆయన “చెప్పావు కదా, చాలు” అన్నారు. ఫోన్‌లోనే ప్రార్థన చేసి, ఆటోలో ఇంటికెళ్లమన్నారు. చేతిలో ఇంకా సగం సీసా ఉంది. దాన్ని తాగకుండా వదిలేశాను. పదేళ్లలో సగం సీసా వదిలేయడం అదే మొదటిసారి. ‘ఎలాగూ తప్పాను కదా’ అనే మాటకి ఆ రాత్రి బలం లేకపోయింది. తప్పినా నేను ఇంకా దేవుడివాణ్ణే అయినప్పుడు, ఆ మిగతా సగం దేనికి తాగాలి?

ఇక్కడ ఒక విషయం తప్పకుండా రాయాలి. అయ్యగారే నన్ను డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్లారు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. నాకు చేతులు వణికేవి, నిద్ర పట్టేది కాదు. వారం రోజులు ఆస్పత్రిలో ఉన్నాను, మందులు వాడాను. విశ్వాసం ఉంటే మందులెందుకని అడిగినవాళ్లున్నారు. మందులిచ్చిన చేతుల్లో కూడా నేను కృపనే చూశాను. ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఆ స్థితిలో ఉంటే దయచేసి ఒంటరిగా మానేయాలని చూడకండి.

మా పెద్దలలో ఒకాయన “ఇలా చెబితే కుర్రాళ్లు చెడిపోతారు” అని బాధపడ్డారు. ఆయన భయం నాకు అర్థమవుతుంది. అదే ప్రశ్న పౌలుకీ ఎదురైంది. కృప విస్తరించాలని పాపంలోనే ఉండిపోదామా అని 6వ అధ్యాయం మొదట్లో ఆయనే అడిగి, అట్లనరాదు అని ఆయనే జవాబు చెప్పాడు. తీతు పత్రికలోనైతే కృప మనకు భక్తిహీనత మానుకోమని బోధిస్తుందని రాశాడు. ధర్మశాస్త్రం పరిశుద్ధమైనదని కూడా చెప్పింది పౌలే. నేను ఆజ్ఞలు వద్దనడం లేదు. మా దగ్గర మిర్చి దించే ముందు తేమ మీటర్ పెడతాం. 14 శాతం చూపిస్తే ఆ టిక్కీ (మిర్చి బస్తా) వెనక్కి పంపాలి, లేకపోతే బూజు పడుతుంది. మీటర్ చెప్పేది నిజమే. కానీ ఆ మీటర్‌ని రోజుకి వందసార్లు గుచ్చినా కాయ ఆరదు. రైతు దాన్ని మళ్లీ కళ్లంలో పరిచి ఎండ తగలనివ్వాలి. బస్తాలో మూతి కట్టి దాచిన కాయకి ఎండ ఎలా తగులుతుంది? పదేళ్లు నేను మూతి కట్టుకునే ఉన్నాను.

2019 నుంచి ఇప్పటికి నాలుగుసార్లు పడ్డాను. నాలుగోసారి పోయిన సీజన్‌లోనే. లారీ లోడు గొడవలో మనసు పాడై, ఒక శనివారం రాత్రి తాగాను. అయ్యగారు బదిలీ అయి వేరే ఊరు వెళ్లిపోయారు, అయినా ఫోన్ చేశాను. తర్వాత మా ఆవిడకి ఇంట్లో దీపం వెలుతుర్లో కూర్చుని చెప్పాను. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. పొద్దున్నే ఆమే నా చొక్కా ఇస్త్రీ చేసింది. ఆ ఆదివారం సంస్కారం ఉంది. మూడో బెంచీలో కూర్చున్నాం. బల్ల దగ్గరికి పిలిచినప్పుడు ఆమె నా మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరం కలిసి ముందుకెళ్లి మోకరించి చేతులు చాచాం.