పెళ్ళి జడ: కత్తెర వేయించిన రోజు నుంచి కుట్లు విప్పేదాకా నా అనుభవం

ముహూర్తం వేళకి పెళ్ళికూతురి తల మీదకి ఏమేం వస్తాయో ఒక్కసారి లెక్క వేసుకుంటే, ఏ జడ వేయించుకోవాలన్నది సగం తేలిపోతుంది. నుదుట బాసికం కడతారు, దాని దారం చెవుల మీదుగా వెనక్కి వెళ్ళి ముడిపడుతుంది. నడినెత్తిన జీలకర్ర బెల్లం పెడతారు. సూత్రం కట్టేటప్పుడు ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటుంది. తర్వాత తలంబ్రాలు. ఆ తర్వాత హోమం ముందు వంగి పేలాలు వేయాలి. మనం ఫోన్లో దాచుకునే జడల ఫొటోలు చాలావరకు ఇవేవీ జరగకముందు తీసినవి. అందుకే నేను ఫొటోలు పక్కన పెట్టి ఈ లెక్కతోనే మొదలుపెట్టాను. ఏ దశలో ఏం చేశానో, ఎక్కడ పని చెడుతుందో వరసగా రాస్తున్నాను.

ముందు కత్తెర పని. పెళ్ళికి మూడు నెలల ముందు ఒకసారి, మూడు వారాల ముందు ఇంకోసారి చివర్లు తీయించాను. జుట్టు నెలకి సుమారు అర అంగుళమే పెరుగుతుంది కాబట్టి, ఆఖరి వారంలో కత్తెర తప్పు పడితే సరిదిద్దుకునే గడువు ఉండదు. జడ వేయాలంటే స్టెప్ కట్, ఫెదర్ కట్ పనికిరావు. మూడు పాయల జడలో ప్రతి పాయ పైనుంచి కిందదాకా ఒకే మందంలో రావాలి. స్టెప్పులు ఉంటే పొట్టి వెంట్రుకలు రెండో మెలికలోనో మూడో మెలికలోనో బయటికి పొడుచుకొస్తాయి, జడ ముళ్ళకంపలా కనిపిస్తుంది. వీ కట్ అయితే జడ చివర ఎలుక తోకలా సన్నబడుతుంది. స్ట్రెయిట్ కట్, లేకపోతే లోతు రెండు అంగుళాలు మించని యూ కట్ మంచిది. ఇప్పటికే స్టెప్పులు ఉన్నవాళ్ళు అవి పెరుగుతాయని ఎదురుచూడకుండా, పొట్టి పాయలన్నీ పూలజడ కిందకి పోయేలా ఏర్పాటు చేసుకోవాలి.

పార్లర్లో "కొంచెం తీయండి" అనకూడదు. కొంచెం అంటే నాకు అర అంగుళం, కత్తెర పట్టుకున్నవాళ్ళకి రెండంగుళాలు. ఎంత తీయాలో కాకుండా ఎక్కడిదాకా ఉండాలో చెప్పడం నయం. నేను జాకెట్టు కింది అంచుకి నాలుగు వేళ్ళ కిందకి ఉండాలని వేలు పెట్టి చూపించాను. తడి జుట్టు సాగుతుంది, ఆరాక పైకి వస్తుంది. అలలుగా ఉండే జుట్టు అయితే ఆరేసరికి అంగుళం పైనే కురచగా కనబడుతుంది. అందుకని ముందు అనుకున్నదానికన్నా తక్కువే తీయించి, ఆరాక చూసి, కావాలంటే ఇంకాస్త తీయించుకోవాలి. కోసేటప్పుడు కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నా, తల వంచి ఫోన్ చూసుకున్నా అంచు ఒక పక్కకి వాలిపోతుంది. పొడుగు జుట్టుకి నిటారుగా నిలబడి కోయించుకోవడమే మేలు.

నుదుటి మీద ఫ్రింజ్ మాత్రం పెళ్ళికి ముందు ఆరునెలల్లో వద్దే వద్దు. పాపిడి బిళ్ళకి నడి పాపిడి కావాలి, కళ్ళమీద పడే వెంట్రుకలు పిన్నుకి అందవు. స్ట్రెయిటెనింగ్, స్మూతెనింగ్ లాంటివి కూడా పెళ్ళి దగ్గర పెట్టుకుని చేయించుకుంటే జుట్టు పట్టులా జారిపోతుంది, పిన్ను నిలవదు, సవరం (జడలో కలిపి అల్లే విడి జుట్టు) బరువుకి ముడి కిందకి దిగిపోతుంది. గోరింటాకో రంగో వేసుకునేవాళ్ళు అది వేసుకున్న తర్వాతే సవరం కొనాలి. రంగు కుదరకపోతే కెమెరా వెలుతురులో రెండు జడలు అతికించినట్టు తెలిసిపోతుంది.

సవరం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, పని అంతా దాని మీదే నిలబడుతుంది. నైలాను సవరం చవక, కానీ లైట్ల కింద మెరుస్తుంది, నిప్పు సెగ తగిలితే ముడుచుకుపోతుంది. నేను అసలు జుట్టు సవరమే తీసుకున్నాను. కొట్లో ట్యూబులైటు కింద కాకుండా గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూశాను. రంగు పోల్చాల్సింది మాడు దగ్గరి వెంట్రుకలతో కాదు, మన జడ చివరతో, ఎందుకంటే రెండూ కలిసేది అక్కడే. నా జుట్టు మెడ దగ్గర నుంచి 24 అంగుళాలు. సవరం 32 అంగుళాలది తీసుకున్నాను, అల్లాక జడ తొడల మధ్యదాకా వచ్చింది. అంతకన్నా పొడుగు తీసుకుంటే పీట మీద కూర్చున్నప్పుడు జడ చివర కిందపడి మన కాలికిందో పక్కవాళ్ళ మోకాలికిందో నలుగుతుంది. లేవబోయినప్పుడు మాడు దగ్గర ఒక్క గుంజు గుంజుతుంది.

రెండు వారాల ముందు ఒకసారి పూర్తిగా వేయించి చూసుకున్నాను. పెళ్ళి జాకెట్టే తొడుక్కుని, జడ వేసుకుని రెండు గంటలు పీట మీద కూర్చుని లేచాను. జాకెట్టు వెనక మెడ లోతుని బట్టి, తాళ్ళు ఎక్కడ వస్తాయన్నదాన్ని బట్టి జడ మొదలు ఎక్కడ ఉండాలో మారుతుంది. నడినెత్తిన ఒక తమలపాకు పెట్టి కూడా చూశాం. నడినెత్తిన జుట్టు ఉబ్బెత్తుగా దువ్వే పఫ్ అంగుళం కన్నా ఎత్తు ఉంటే ఆకు జారిపోతోంది. జీలకర్ర బెల్లం పెట్టి చేత్తో నొక్కి ఉంచుతారు కాబట్టి ఎత్తు పఫ్ ఎలాగూ అణిగిపోతుంది, అణిగాక మధ్యలో గుంటలా కనబడుతుంది. తక్కువ ఎత్తు, వెడల్పు పఫ్ చాలు.

పూలు. మాది వేసవి ముహూర్తం, రాత్రి పదిన్నరకి. వేసవి కాబట్టి మల్లెమొగ్గల జడే అనుకున్నాం. చలికాలంలో మల్లెలు సరిగా దొరకవు, అప్పుడు కాగడా పూలు, చేమంతులు, లిల్లీలు, కనకాంబరాలతో చేయించుకోవాలి. మాకు రాజమండ్రి దగ్గరి కడియపులంక పూల మార్కెట్ అందుబాటు. హైదరాబాదులో వాళ్ళకి గుడిమల్కాపూర్ ఉంది. మూరల్లో కట్టిన మాల కాకుండా విడి మొగ్గలు తూకానికి తెచ్చుకోవాలి, అన్నీ ఒకే సైజులో ఏరుకోవచ్చు. మల్లెమొగ్గ సాయంత్రం అయ్యేసరికి విచ్చుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి ముహూర్తానికి ఇదే పెద్ద చిక్కు. మొగ్గలతో గీసిన డిజైన్ పది గంటలకి పువ్వుల కుప్ప అయిపోతుంది. మేం పూలజడ కుట్టాక తడిపి గట్టిగా పిండిన బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టాం, ఆరున్నరకి బయటికి తీశాం. నీళ్ళు చల్లి పెట్టకూడదు, చుక్క నిలిచినచోట మొగ్గ గోధుమరంగుకి తిరుగుతుంది. మధ్యలో గీతలకి కనకాంబరాలు వాడాం. వాసన లేకపోయినా వాడిపోకుండా నిలుస్తాయి. గులాబీ రేకులు మాత్రం ఒత్తిడికి నలిగి రంగు కక్కుతాయి, లేతరంగు జాకెట్టు వీపు మీద మరక పడుతుంది.

ఆ రోజు పొద్దున మంగళస్నానం ఉంటుంది, తలకి నూనె పెడతారు. జడకి ఇదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. నేను ముందురోజే కుంకుడుకాయతో శుభ్రంగా తలంటుకున్నాను. పెళ్ళిరోజు పెద్దవాళ్ళని అడిగి మాడుకి నువ్వులనూనె మూడు చుక్కలు అంటించుకుని, తల మీద నాలుగు నీళ్ళు పోయించుకుని సరిపెట్టాను. తలస్నానం పూర్తిగా చేసి తీరాలనే ఇళ్ళల్లో జడ వేయడానికి కనీసం నాలుగు గంటల ముందు అయిపోవాలి. తడి జుట్టు బలహీనంగా ఉంటుంది, లాగితే తెగుతుంది. కండిషనర్ కూడా మాడు దగ్గర రాయకూడదు, పిన్ను జారిపోతుంది. నిజానికి జడకి అప్పుడే కడిగిన జుట్టు కన్నా ఒకరోజు గడిచిన జుట్టే బాగా పట్టు ఇస్తుంది.

ఏడు గంటలకి జడ మొదలుపెట్టాం, రెండు గంటలు పట్టింది. మా పిన్ని వేసింది. తోకదువ్వెనతో ముక్కు కొసకి సూటిగా పాపిడి తీసి, ముందు రెండు పాయలు పక్కకి పిన్ను పెట్టి, నడినెత్తి పాయని కుదుళ్ళ దగ్గర మూడేసి సార్లు వెనక్కి దువ్వి పఫ్ చేసింది. వెనక జుట్టంతా మెడ గుంట దగ్గర కూడదీసి నల్ల ఊలుదారంతో కట్టింది. రబ్బరు బ్యాండు వద్దని నేనే చెప్పాను, ఆరేడు గంటలు బిగిసి ఉంటే తలనొప్పి, తీసేటప్పుడు దాంతోపాటు వెంట్రుకలు ఊడివస్తాయి. సవరం తాడుని ఆ కట్టు చుట్టూ మూడు చుట్లు తిప్పి, ముడి మెడ వైపుకి దాచి, దాని మీద రెండు బ్లాక్ పిన్నులు అడ్డంగా ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఈ పిన్నుకి ఒక కాలు తిన్నగా, ఒక కాలు వంకరలుగా ఉంటుంది కదా, వంకర కాలు మాడు వైపుకి ఉండాలి. చాలామంది తిరగేసి పెట్టి, పిన్ను నిలవడం లేదంటారు. తర్వాత సవరం మూడు పాయలు నా మూడు పాయలతో ఒక్కొక్కటిగా కలిపి అల్లింది. నా జుట్టు అయిపోయే చోట జడ ఒక్కసారి సన్నబడుతుంది. అక్కడ నా చివర్లని సవరం పాయకి మెలిపెట్టి నల్లదారం చుట్టేసింది, సరిగ్గా ఆ చోట ఒక జడబిళ్ళ వచ్చేలా చూసుకున్నాం. చివర మూడు జడకుప్పెలు.

పూలజడని అసలు జడకి నల్లదారంతో నాలుగేసి వేళ్ళకి ఒక కుట్టు చొప్పున కుట్టాలి. సూది జడ మధ్యలోంచి కాకుండా రెండు అంచుల పాయల్లోంచి పోవాలి, అప్పుడు బరువు సమంగా పడుతుంది, విప్పేటప్పుడు దారం కనబడుతుంది. మెడ దగ్గర రెండు వేళ్ళ జాగా వదిలాం. అక్కడ పూలు దట్టంగా ఉంటే సూత్రం ముడులు వేసేటప్పుడు పెళ్ళికొడుకు చేతికి అడ్డం, పసుపుతాడుకి మొగ్గలు చుట్టుకుంటాయి.

పాపిడి బిళ్ళ మామూలుగా పెట్టేదానికన్నా కాస్త పైకి, వెంట్రుకలు మొదలయ్యేచోటికి పెట్టించుకోవాలి. కిందకి ఉంటే బాసికం దాన్ని నొక్కి నుదుట గుచ్చుతుంది. చెంపసరాల కొక్కేలు జుట్టుకి కాకుండా ముందే పెట్టిన పిన్నుకి తగిలించాలి. బాసికం దారం వాటి మీదుగా పోతుంది కాబట్టి దారం కట్టేవాళ్ళకి ఆ సంగతి ఒక మాట చెప్పి ఉంచాలి. తల మీద సూర్యుడు చంద్రుడు బిళ్ళలు పెట్టుకునేవాళ్ళకి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు.

జడ ఎత్తి పట్టుకునే ఆడపడుచుకి కూడా ముందే చెప్పాను: "వదినా, పైన పట్టుకుని లాగకు, మధ్యలో కింద అరచెయ్యి పెట్టి ఎత్తు." పైన పట్టుకుంటే బరువంతా సవరం ముడి మీదకి వస్తుంది. హెయిర్ స్ప్రే మండే పదార్థం. హోమానికి గంటకి పైగా ముందే కొట్టించుకుని ఆరనిచ్చాను, మండపంలోకి ఆ డబ్బా రానివ్వలేదు. పేలాలు వేయడానికి వంగినప్పుడు జడ ముందుకు జారకుండా నడుం దగ్గర చీరకి ఒక పిన్నీసుతో పట్టించాం. స్ప్రే తడి మీద తలంబ్రాలు పడితే పసుపు అంటుకుపోతుంది, ఇది కూడా ముందే ఆరనివ్వడానికి ఒక కారణం. ఈమధ్య తలంబ్రాలతోపాటు థర్మాకోల్ బంతులు పోస్తున్నారు. అవి జుట్టుకి అంటుకుని దువ్వెనకి రావు. మా వాళ్ళకి వద్దని చెప్పాను.

పెళ్ళికొడుకుది చిన్న పని. నాలుగైదు రోజుల ముందు కటింగ్ చేయించుకుంటే అంచులు కాస్త మెత్తబడి సహజంగా ఉంటాయి. మంగళవారం చాలా ఊళ్ళల్లో సెలూన్లు మూసి ఉంటాయి, శుక్రవారం చాలా ఇళ్ళల్లో క్షవరం పనికిరాదంటారు, ఆ రెండూ చూసుకుని రోజు పెట్టుకోవాలి. ఆయనకీ జీలకర్ర బెల్లం పెడతారు కాబట్టి నడినెత్తిన జెల్ వద్దు.

విప్పడానికి వేసినంత ఓపిక కావాలి. తెల్లవారుజామున నిద్రమత్తులో లాగేస్తే నెలల తరబడి కాపాడుకున్న జుట్టు అప్పుడే పోతుంది. పెట్టేటప్పుడు పిన్నులు లెక్కపెట్టి రాసుకున్నాం, 43. తీసేటప్పుడు అన్నీ వచ్చాయో లేదో చూశాం, రెండు పఫ్ లోపల మిగిలాయి, వెతికి తీశాం. ముందు పూలజడ కుట్లు, మొనలేని చిన్న కత్తెరతో, ఎప్పుడూ సవరం వైపు నుంచి. తర్వాత ఊలుదారం కోసి సవరం విడిపించాలి. తలంబ్రాలు పొడిగా ఉండగానే తల వంచి దులుపుకోవాలి, తడిపితే బియ్యం, పసుపు ముద్దకడతాయి. బెల్లం గట్టిపడినచోట గోరువెచ్చని నీళ్ళలో తడిపిన బట్ట ఐదు నిమిషాలు పెడితే కరుగుతుంది. పఫ్ చిక్కు కుదుళ్ళ నుంచి దువ్వకుండా, చివర్ల నుంచి పైకి వేళ్ళతో విడదీశాను. కొబ్బరినూనె రాసి పడుకుని మర్నాడు తలంటుకున్నాను.

ఆ సాయంత్రం రిసెప్షన్‌కి జుట్టు ఆరడానికి టైమ్ ఉంది కాబట్టి మెడ మీద కిందకి ముడి వేసి ఒక వరస మల్లెలు చుట్టాం, సవరం లేకుండా. రెండోరోజు కూడా అదే చోట బరువు పెడితే మాడు నొప్పి తగ్గదు. సవరాన్ని షాంపూ నీళ్ళలో ముంచి తీసి, పిండకుండా నీడలో వేలాడదీసి, ఆరాక వదులుగా అల్లి పలచటి నూలుబట్టలో చుట్టి పెట్టాను. ఎండలో ఆరేస్తే రంగు ఎర్రబడుతుంది, అప్పుడు ఇంకో పెళ్ళికి పనికిరాదు.