పాత కెమెరా ఫోకస్ ఒకసారి పట్టి ఒకసారి పట్టకపోతే

పూర్తిగా పోయిన ఆటోఫోకస్‌తో పెద్ద గొడవేం లేదు. పాడైంది, బాగు చేయించాలి, అంతే. తలనొప్పంతా ఒకసారి ఠక్కున పట్టి, మరుక్షణం లెన్స్‌ని అటూ ఇటూ తిప్పుకుంటూ కొట్టుకుని, ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిచేసే ఆటోఫోకస్‌తోనే. రిపేరు చేసేవాళ్ళ చేతికిస్తే అక్కడ మహా బుద్ధిగా ఉంటుంది, వాళ్ళేమో "బానే ఉంది కదండీ" అంటారు, మనం తెల్లమొహం వేసుకుని తిరిగి రావాలి. నా పాత డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా) కొంతకాలం నాతో ఇదే ఆట ఆడింది. దాని వెనకాల పడి తెలుసుకున్నవి ఇంకెవరికైనా పనికొస్తాయేమోనని రాస్తున్నా.

ఈ సమస్యకి అందరూ ఇచ్చే సలహా మూడు ముక్కలు: సెట్టింగ్స్ రీసెట్ చెయ్, కాంటాక్టులు (లెన్స్, కెమెరా కలిసేచోట ఉండే లోహపు చుక్కలు) తుడువు, ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చెయ్. మూడూ ఒకేసారి చేసేస్తే ఆ పూటకి ఫోకస్ పట్టొచ్చు, కానీ దేనివల్ల పట్టిందో తెలీదు, కాబట్టి మళ్ళీ మొరాయించినప్పుడు మళ్ళీ మొదటికే వస్తాం. అందుకే తప్పుని మనం కావాలన్నప్పుడు రప్పించగలిగేదాకా దేన్నీ ముట్టుకోకూడదని నా పట్టుదల. జూమ్ ఫలానా చోట ఉన్నప్పుడా, చలిలోనా, బ్యాటరీ సగానికి వచ్చాకా, కెమెరా నిలువుగా పట్టుకుంటేనా? ఏదో ఒక షరతు ఉంటుంది. అది దొరికితే సగం పని అయినట్టే.

దానికంటే ముందు అసలు తప్పే కానివాటిని పక్కకి తీసెయ్యాలి, ఎందుకంటే పాత కెమెరాల ఆటోఫోకస్‌కి పుట్టుకతోనే కొన్ని హద్దులున్నాయి, ఇప్పటి ఫోన్లకి అలవాటుపడిన మనం వాటిని రోగాలనుకుంటాం. నికాన్ డీ90 (2008) తీసుకోండి, అందులో 11 ఫోకస్ పాయింట్లుంటే (ఫ్రేములో ఫోకస్ కొలిచే చోట్లు) క్రాస్ రకం, అంటే అడ్డ గీతల్నీ నిలువు గీతల్నీ చూడగలిగేది, మధ్యలోని ఒక్కటే. మిగతావి ఒక దిక్కు గీతల్ని మాత్రమే సరిగ్గా చూడగలవు. పక్క పాయింటుని అడ్డంగా పట్టీలున్న కిటికీ మీద పెడితే పట్టకపోవచ్చు, కెమెరాని నిలువుగా తిప్పగానే పట్టొచ్చు. కెనాన్ 40డీలో తొమ్మిది పాయింట్లూ క్రాసే కాబట్టి ఈ తేడా అంతగా తెలీదు. వెలుతురు మరీ తక్కువైనా, గీతా మచ్చా లేని గోడ మీద పెట్టినా, లెన్స్ పట్టగలిగే కనీస దూరం కంటే దగ్గరికి వెళ్ళినా అంతే. చాలా పాత బాడీలు (లెన్స్ కాకుండా మిగతా కెమెరా) లెన్స్ అపెర్చర్, అంటే కాంతి వచ్చే రంధ్రం, ఎఫ్/5.6 దాకా ఉంటేనే ఫోకస్‌కి హామీ ఇస్తాయి (అంకె పెరిగితే రంధ్రం చిన్నది), ఎఫ్/5.6 లెన్స్‌కి దూరాన్ని దగ్గర చేసే టెలీకన్వర్టర్ తగిలిస్తే ఆ గీత దాటేస్తాం, ఎండలో పట్టి నీడలో పట్టదు. మెరుపులు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ వాడేవాళ్ళు అది సర్క్యులర్ రకమో కాదో చూసుకోండి. లీనియర్ అయితే, అద్దంలోంచి ఫోకస్ సెన్సర్‌కి వెళ్ళే కాంతి ఫిల్టర్ తిప్పిన కోణాన్ని బట్టి మారిపోతుంది. ఇంకోటి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ పక్కన, మన చూపుకి తగ్గట్టు సర్దుకునే చిన్న డయాప్టర్ చక్రం సంచిలో రాసుకుని తిరిగిపోయి ఉంటే ఫొటో బానే వస్తుంది, మన కంటికి మాత్రం అంతా మసక. (డీ40 లాంటి బాడీలో ఫోకస్ మోటారే ఉండదు, దానికి మోటార్ లేని పాత లెన్స్ పెడితే ఎప్పటికీ పట్టదు. అది వేరే కథ.)

ఇవన్నీ కాదని తేలాక నాకు అన్నిటికంటే ఎక్కువ విషయం చెప్పిన పరీక్ష ఒకటుంది. అదే చోట, అదే వస్తువు మీద, ఒకసారి వ్యూఫైండర్‌లో చూస్తూ, ఒకసారి లైవ్ వ్యూలో (వెనకున్న తెర మీద చూస్తూ) ఫోకస్ పెట్టి చూడటం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఈ రెండూ వేర్వేరు దారులు. వ్యూఫైండర్‌లో చూసేటప్పుడు పెద్ద అద్దం మధ్యభాగం కొంత కాంతిని లోపలికి వదులుతుంది, వెనకున్న చిన్న అద్దం దాన్ని కిందికి మళ్ళిస్తుంది, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్ చూసి ఎటువైపు ఎంత తిప్పాలో లెన్స్‌కి చెబుతుంది. లైవ్ వ్యూలో అద్దం పైకి లేచి ఉంటుంది, ఫొటో తీసే సెన్సరే కాంట్రాస్ట్ చూసుకుంటూ మెల్లగా పట్టుకుంటుంది. లైవ్ వ్యూలో నిదానంగానైనా ప్రతిసారీ పడుతూ, వ్యూఫైండర్‌లో మాత్రం తప్పుతుంటే లెన్స్, మోటార్, కాంటాక్టులు చాలావరకు నిర్దోషులు. అద్దాలవైపో అడుగు సెన్సర్‌వైపో చూడాలి. రెండిట్లోనూ తప్పుతుంటే లెన్స్‌నో కరెంటునో అనుమానించాలి. కెనాన్ వాళ్ళకి చిన్న హెచ్చరిక: లైవ్ వ్యూలో క్విక్ మోడ్ ఉంటే అది అద్దాన్ని ఒక్క క్షణం దించి మళ్ళీ పాత సెన్సర్‌నే వాడుతుంది, ఈ పరీక్షకి లైవ్ మోడ్ పెట్టుకోవాలి. లైవ్ వ్యూనే లేని బాడీ అయితే ఇంకో లెన్స్ అరువు తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

అద్దాలవైపు తేలితే ఇంట్లో చేయగలిగింది ఒక్కటే. కెమెరా నోరు కిందికి పెట్టి, చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్‌తో అద్దం చుట్టూ, వీలైతే అడుగువైపూ గాలి కొట్టడం. ఫోకస్ సెన్సర్ మీద చిన్న దారప్పోగు కూర్చున్నా కొన్ని పాయింట్లు వెర్రెత్తుతాయి. డబ్బాల్లో వచ్చే గాలి వద్దు, దాంతోపాటు ద్రవం కూడా చిమ్మొచ్చు. అద్దం పూత పైమీదే ఉంటుంది కాబట్టి గుడ్డ పెట్టి తుడవకండి, వెనకున్న చిన్న అద్దం జోలికైతే అసలే పోకండి, దాని కోణం ఇసుమంత మారినా ఫోకస్ మొత్తం దెబ్బతింటుంది.

లెన్స్‌వైపు తేలితే జూమ్‌ని ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పుతూ ప్రతి చోటా ఫోకస్ పెట్టి చూడండి. జూమ్ 24 మి.మీ. దగ్గర పట్టి 70 మి.మీ. దగ్గర పట్టకపోవడం, లేదా లెన్స్ కిందికి వంచినప్పుడే పట్టకపోవడం కనిపిస్తే లోపలి ఫ్లెక్స్ కేబుల్ మీద అనుమానం. జూమ్ తిరిగిన ప్రతిసారీ ఆ పల్చటి రిబ్బన్ మడతపడుతూ ఉంటుంది, ఏళ్ళు గడిచాక ఎక్కడో చిట్లుతుంది, ఒక కోణంలో అతుక్కుని ఒక కోణంలో విడిపోతుంది. ఫోకస్ బానే పట్టి, షట్టర్ నొక్కాక మాత్రమే ఎర్రర్ వచ్చి, అదీ ఎఫ్/8 లాంటి చిన్న అపెర్చర్‌లోనే వస్తుంటే అది అపెర్చర్ గొడవ, ఫోకస్‌ది కాదు. కిట్ లెన్స్‌ల చిన్న మోటార్ల సంగతి వేరు, వాటి ప్లాస్టిక్ పళ్ళచక్రాలు అరుగుతాయి, స్విచ్ ఏఎఫ్ (ఆటోఫోకస్) మీద ఉండగా ఫోకస్ రింగ్ చేత్తో తిప్పితే ఇంకా తొందరగా. మోటార్ తిరుగుతున్న చప్పుడొచ్చి లెన్స్ కదలకపోతే దాదాపు అదే. అల్ట్రాసోనిక్ మోటార్ ఉన్న లెన్స్ చాలాకాలం బీరువాలో పడుంటే మొదట్లో మొరాయించొచ్చు, రింగ్‌ని ఆ చివరికీ ఈ చివరికీ కాసేపు మెల్లగా తిప్పితే కొన్నిసార్లు కదులుతుంది. కీచుమంటుంటే మాత్రం దానికి రోజులు దగ్గరపడ్డట్టే.

కాంటాక్టుల గురించి అందరూ చెప్పేదే. లెన్స్ వెనకా బాడీ మీదా ఉన్న బంగారు పూత చుక్కల్ని పోగులు రాలని గుడ్డకి కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవాలి. పెన్సిల్ రబ్బరుతో రుద్దమని చాలామంది చెబుతారు, నాకు నచ్చదు, పూతా అరుగుతుంది, ఆ పొడి పోయి అద్దం దగ్గర పడుతుంది. లెన్స్‌ని మౌంట్‌లో (లెన్స్ బిగించే చోట) కొంచెం అటూ ఇటూ కదిపితే ఫోకస్ వచ్చీ పోతుంటే మురికితోపాటు మౌంట్ స్క్రూలు వదులయ్యాయేమో కూడా చూడాలి.

బ్యాటరీని ఎవరూ అనుమానించరు, ఎందుకంటే గుర్తు నిండుగానే చూపిస్తుంది. పాత లిథియం బ్యాటరీకి లోపలి నిరోధం పెరుగుతుంది, ఊరికే ఉన్నప్పుడు వోల్టేజ్ బానే ఉంటుంది, పెద్ద లెన్స్ మోటార్ ఒక్కసారిగా కరెంటు లాగగానే కుంగిపోతుంది. చలిలో మరీనూ. కొన్ని నికాన్ బాడీల మెనూలో బ్యాటరీ వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తారు, 4 అంటే మార్చేయమని. అలాంటిది లేకపోతే మంచి బ్యాటరీ ఒకటి పెట్టి చూడటమే.

నా కెమెరా వీటిలో దేనికీ లొంగలేదు. లెన్స్ మార్చినా అంతే, లైవ్ వ్యూలోనూ అంతే. చివరికి దారి చూపించింది వ్యూఫైండర్ అడుగున వెలిగే అంకెలు. షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్‌తోపాటు లైట్ మీటర్ కూడా లేవాలి కదా, ఫోకస్ పట్టని ప్రతిసారీ ఆ అంకెలూ వెలగట్లేదు, లెన్స్‌లో చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ చేసే సన్నటి చప్పుడూ వినిపించట్లేదు. లెన్స్ తప్పయితే మీటర్ లేచి తీరాలి. అంటే నేను బటన్ నొక్కిన సంగతే కెమెరాకి చేరట్లేదు. బటన్ కింద ఉండే పల్చటి లోహపు స్పర్శ ఏళ్ళ తరబడి నొక్కి నొక్కి అరిగిపోయో మసిబారో ఉంటుంది. గట్టిగా నొక్కితే అందుతుంది, కానీ అప్పటికి ఫొటో కూడా పడిపోతుంది. ఇంకా చిరాకైన రూపం ఏంటంటే, సగం నొక్కి పట్టుకుని ఉండగా ఆ స్పర్శ ఒక్క క్షణం తెగి మళ్ళీ అతుక్కుంటుంది, కెమెరా కొత్తగా నొక్కారనుకుని మళ్ళీ ఫోకస్ వెతకడం మొదలుపెడుతుంది. చూసేవాళ్ళకి అచ్చం లెన్స్ హంటింగ్ (ఫోకస్ కోసం అటూ ఇటూ కొట్టుకోవడం) లాగే ఉంటుంది.

అనుమానం తీర్చుకోవడం తేలికే. ఫోకస్ పనిని వెనకున్న ఏఎఫ్-ఆన్ బటన్‌కి, అది లేకపోతే ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కి, కెనాన్‌లో అయితే నక్షత్రం గుర్తు బటన్‌కి మెనూలోంచి అప్పజెప్పి కాసేపు వాడటం. బొటనవేలితో నొక్కిన ప్రతిసారీ పట్టింది. వాడేసిన కెమెరా కొన్నవాళ్ళు దీన్ని తిరగేసి కూడా చూడండి, పాత యజమాని ఎప్పుడో ఇలా మార్చేసి మర్చిపోయి ఉంటే షట్టర్ బటన్‌తో ఫోకస్ ఎప్పటికీ రాదు, కెమెరాలో ఏ తప్పూ ఉండదు.

ఏఎఫ్ ఫైన్ ట్యూన్, మైక్రో అడ్జస్ట్‌మెంట్ అని -20 నుంచి +20 దాకా జరిపే సెట్టింగ్ ఉన్నవాళ్ళు దయచేసి ఈ జబ్బుకి ఆ మందు వేయకండి. ప్రతి ఫొటోలోనూ ఫోకస్ ఒకేలా ముందుకో వెనక్కో పడుతుంటే దానికి ఆ సెట్టింగ్. అప్పుడప్పుడు తప్పేదాన్ని అంకెలు జరిపి సరిచేయబోతే బాగున్న ఫొటోలు కూడా పోతాయి.

స్విచ్ మార్పించాలంటే బాడీ పైభాగం విప్పాలి, ఫ్లాష్ కెపాసిటర్‌లో నిలిచి ఉండే కరెంటు గట్టి షాకే ఇస్తుంది కాబట్టి ఆ పని ఇంట్లో పెట్టుకోలేదు. ఈ వయసు బాడీకి ఆ ఖర్చు దండగనిపించి బొటనవేలితోనే కానిచ్చేస్తున్నా, కదిలేవాటిని తీసేటప్పుడు నిజానికి ఇదే హాయిగా ఉంది. ఇబ్బందల్లా మన ఫొటో ఇంకొకరి చేత తీయించుకోవాలన్నప్పుడే. ఇప్పుడు నేనే ముందు ఫోకస్ పెట్టి, లెన్స్ స్విచ్ ఎంఎఫ్‌కి (చేత్తో ఫోకస్ చేసే మోడ్‌కి) తోసి, "ఇక్కడే నిలబడండి, ముందుకీ వెనక్కీ జరగొద్దు" అని చెప్పి ఇస్తున్నా. వాళ్ళు ఒక అడుగు ముందుకేసే తీస్తారనుకోండి.