మామయ్యగారి మెయిళ్ళు

కావేరీ నీళ్ళు రాలేదని అసోసియేషన్‌కి మెయిల్ పెట్టడానికి కూర్చున్నారు మామయ్యగారు. వాళ్ళ నోటీసులోని అడ్రస్ నొక్కితే ఆయన మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ రావాలి కదా, ఎన్నడూ చూడని ప్రోగ్రాం తెరుచుకుని అకౌంట్ కలపమంటోంది. "నేనేమన్నా పాడుచేశానా అమ్మా?" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయనేం చేశారు? మొన్న విండోస్ అప్‌డేట్ అయినప్పట్నుంచే ఈ గోల. ఇంట్లోవాళ్ళని అడక్కుండా సామానంతా సర్దేసిపోయినట్టుంది. పెద్దాయన తనదే తప్పనుకుని చేతులు వెనక్కి తీసుకున్నారు చూడండి, అది నాకు పొద్దున్నుంచీ మింగుడుపడట్లేదు.

సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్. అక్కడ వెతికే గడిలో 'మెయిల్‌టూ' (మెయిల్ అడ్రస్ లింకులకి పేరు అది) అని ఇంగ్లీషులో కొట్టి థండర్‌బర్డ్ పెట్టాను. మళ్ళీ నొక్కితే ఈసారి క్రోమ్‌లో జీమెయిల్! బ్రౌజర్ లెక్క వేరు. క్రోమ్ సైట్ సెట్టింగ్స్‌లో, ఇలాంటి లింకుల్ని ఏ సైట్ తెరవాలో చెప్పే ప్రోటోకాల్ హ్యాండ్లర్స్ అని అట్టడుగున ఉంటుంది. ఎప్పుడో చిన్నాడు అడిగినదానికల్లా 'అలౌ' కొట్టి ఉంటాడు. అదీ తీసేశాను.

ఈ మధ్యలోనే విసుగొచ్చి, థండర్‌బర్డ్ పీకేసి అందరిలా జీమెయిల్‌లోనే చూసుకోమందామా అనుకున్నాను. నెల్లూరు గుర్తొచ్చి ఆగాను.

డయలప్ రోజులు. అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్ అనే అప్పటి మెయిల్ ప్రోగ్రాంలో నెట్ కలపకుండానే అమెరికాలో ఉన్న అన్నయ్యకి ఉత్తరం కొట్టేదాన్ని, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో. అమ్మ వంటింట్లో పోపు పెడుతూ చెప్పేది. అది అవుట్‌బాక్స్‌లో కూర్చునేది. రాత్రి భోజనాలయ్యాక మోడెం కీచుకీచుమంటే సెండ్ నొక్కడం, వచ్చినవి దిగగానే లైన్ కట్ చేయడం. "అన్నం వండుకుంటున్నా" అని వాడు రాసిన ముక్క అమ్మ మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. పాప్ అకౌంటు, మెయిళ్ళు దిగాక సర్వర్లో ఉండేవి కావు. ఆ కంప్యూటర్‌తో పాటే అన్నీ పోయాయి.

మామయ్యగారిదీ పాప్ అకౌంటే. అత్తయ్యగారు చెప్పి రాయించినవన్నీ ఆ థండర్‌బర్డ్‌లోనే ఓ ఫోల్డర్లో ఉన్నాయి. పీకెయ్యడమేంటి నా మొహం! ఎవరికి రాసినా ఆయన అక్కణ్ణుంచే రాసుకోవాలి.

మెయిల్ వెళ్ళింది. "హమ్మయ్య" అని టీ అడిగారు.

రేపు థండర్‌బర్డ్ మెయిళ్ళన్నీ దాచుకునే ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. హెల్ప్‌లో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే అది ఎక్కడుందో చూపిస్తుంది. కాపీ చేసేటప్పుడు థండర్‌బర్డ్ మూసి ఉండాలి, అంటే ఆయన గుడికి వెళ్ళిన టైములో.