నాలుగు ఇళ్లలో మా నాన్నగారి కాగితాలు

మా నాన్నగారి కాగితాలన్నీ ఒకే ఇనుప బీరువాలో ఉండేవి. పొలం దస్తావేజులు, పట్టాదారు పాసు పుస్తకం, బీమా బాండ్లు, చివరి మూడేళ్ల వైద్య రిపోర్టులు అన్నీ అందులోనే ఉండేవి, దాని తాళంచెవి అమ్మ కొంగున ఉండేది. ఆయన పోయిన తరువాత నేను వాటిని స్కాన్ చేసి ఒక క్లౌడ్ ఖాతాలో పెట్టి, విశాఖపట్నంలో ఉన్న చెల్లికీ, డల్లాస్‌లో ఉన్న తమ్ముడికీ ఒకే లింకు పంపించాను. కొన్ని నెలలకు, పొలం కౌలు విషయం మాట్లాడటానికి వచ్చిన ఒక పెద్దమనిషి, నాన్నగారికి అన్ని కీమోథెరపీలు చేయించారా అని ఎంతో సానుభూతితో అడిగారు. మా బంధువు ఒకరు పాసు పుస్తకం చూపిద్దామన్న మంచి ఉద్దేశంతోనే ఆయనకు ఆ లింకు పంపారట. ఆ లింకు పాసు పుస్తకానిది కాదు, మొత్తం ఫోల్డరుది. అమ్మ ఆ మాట విని లోపలికి వెళ్లిపోయింది.

ఎవరికి ఏ కాగితం, ఎంతవరకు చూపించాలన్న నిర్ణయం మా చేతిలోనే ఉండే పద్ధతి ఏదైనా ఉందా అని వెతకడం ఆ రోజే మొదలుపెట్టాను. సాధారణ క్లౌడ్ నిల్వలో అనుమతుల పట్టిక సర్వరు దగ్గర ఉంటుంది. ఫలానావారు చూడవచ్చు, ఫలానావారు మార్చవచ్చు అని మనం రాయిస్తాం, సర్వరు దాన్ని పాటిస్తుంది. మన ఫైళ్లను చదవగల తాళంచెవి కూడా చాలావరకు ఆ సర్వరు దగ్గరే ఉంటుంది కాబట్టి, మనం ఇచ్చిన అనుమతులకు విలువ ఉండటమన్నది దాని నిజాయితీ మీద, దాన్ని నడిపేవారి జాగ్రత్త మీద ఆధారపడి ఉంటుంది.

ఫైళ్లను నిల్వ చేసి పంచుకోవడానికి వాడే తాహో-లాఫ్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను తిరగేసింది. జూకో విల్‌కాక్స్, బ్రయన్ వార్నర్ దాని రూపకల్పనను 2008లో ఒక పత్రంలో వివరించారు. అందులో ఫైలు మన కంప్యూటరులోనే గుప్తీకరణ పొంది, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మారి, ఆ తరువాత ముక్కలై వేర్వేరు సర్వర్లకు వెళుతుంది. మామూలు అమరికలో 10 ముక్కలు తయారవుతాయి, వాటిలో ఏ 3 దొరికినా ఫైలు తిరిగి వస్తుంది. మాకు అంత అవసరం లేదు కనుక 4 ముక్కలు చేసి, ఏ 2 దొరికినా చాలనుకున్నాం. హైదరాబాదులో మా ఇంట్లో ఒకటి, చెల్లి ఇంట్లో ఒకటి, తమ్ముడి ఇంట్లో ఒకటి, అద్దెకు తీసుకున్న సర్వరులో ఒకటి. దీనివల్ల నిల్వకు రెట్టింపు చోటు పడుతుంది, కానీ విశాఖలో కరెంటు పోయి, అదే సమయానికి మా ఇంట్లో ఇంటర్నెట్ ఆగిపోయినా కాగితాలు అందుతాయి. అద్దె సర్వరు యజమాని మా ముక్కను ఎంత పరిశీలించినా అందులో ఆయనకు అర్థమయ్యేది ఏమీ ఉండదు.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్నది అందులో పంచుకునే విధానం. ఒక్కొక్క ఫోల్డరుకు ఒక పొడవైన అక్షరాల వరుస ఉంటుంది. ఏ సర్వరూ మన పేరును పట్టికలో వెతకదు, ఆ వరుసే అనుమతి, అదే తాళంచెవి. మార్చగలిగే వరుస నుంచి చదవడానికి మాత్రమే పనికొచ్చే వరుసను లెక్కగట్టవచ్చు, దాని నుంచి ముక్కలు చెడకుండా ఉన్నాయో లేదో తనిఖీ చేయడానికి మాత్రమే పనికొచ్చే మూడో వరుసను లెక్కగట్టవచ్చు. కిందికి దిగడమే తప్ప పైకి ఎక్కడం గణితరీత్యా కుదరదు. చదివే వరుసతో ఫోల్డరు తెరిచినవారికి లోపలి ఫోల్డర్లు కూడా చదవడానికే దొరుకుతాయి, ఎందుకంటే వాటిని మార్చగలిగే వరుసలు పై ఫోల్డరును మార్చగలిగే తాళంచెవితోనే దాచి ఉంటాయి. అందువల్ల ఇప్పుడు కౌలుదారుకు పాసు పుస్తకం ఒక్కటే కనిపించే వరుస ఇస్తాను, చెల్లికి వైద్య రిపోర్టులతో సహా అన్నీ చదివే వరుస ఇచ్చాను, సర్వరు చూసుకునే కుర్రవాడి దగ్గర తనిఖీ వరుస మాత్రమే ఉంది. అతను మా కాగితాల్లో ఒక్క అక్షరం చదవకుండానే ముక్కలు క్షేమంగా ఉన్నాయని చెప్పగలడు.

ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం దగ్గరే అసలు కష్టం ఉంది. వరుస ఒకసారి ఎదుటివారి చేతికి వెళ్లాక దాన్ని రద్దు చేసే మీట ఏదీ లేదు. కొత్త తాళంచెవితో ఫైలును మళ్లీ గుప్తీకరించి, కొత్త వరుసను మిగిలినవారికి ఇచ్చి, పాత ముక్కలను తొలగించాలి. అప్పటికే దించుకున్న ప్రతి మాత్రం వారి దగ్గరే ఉండిపోతుంది. ఫైలును సర్వరు చదవకుండానే ఒకరి తాళంచెవి నుంచి మరొకరి తాళంచెవికి మార్చే గణిత పద్ధతిని 1998లోనే ప్రతిపాదించారు గానీ, అది కూడా చూసినవారి కళ్ల నుంచి చూసినదాన్ని చెరపలేదు. వెనక్కి తీసుకునే సౌకర్యం ఉందని ధైర్యంగా ప్రకటించే యాప్‌ల కంటే, లేదని ఒప్పుకునే ఈ పద్ధతి మీదే నాకు నమ్మకం ఎక్కువ. అది లేదని తెలిసినప్పుడే ఇచ్చేముందు ఆలోచిస్తాం.

గణితం ఆగిన చోట చట్టం అందుకోవాలి. రిజర్వు బ్యాంకు 2016లో నిబంధనలు రూపొందించగా 2021లో వాడుకలోకి వచ్చిన అకౌంట్ అగ్రిగేటర్ విధానంలో, అంటే మన ఖాతా వివరాలను మన సమ్మతితో అడిగినవారికి చేరవేసే మధ్యవర్తి సంస్థల ఏర్పాటులో, ఆ వివరాలు ఏ బ్యాంకువి ఆ బ్యాంకులోనే ఉంటాయి. అప్పు ఇచ్చే సంస్థకు అవి ఏ పని కోసం, ఎంత కాలానికి కావాలో రాసి ఉన్న సమ్మతి మీద మనం ఒప్పుకుంటేనే అందుతాయి, మధ్యనున్న అగ్రిగేటరు వాటిని చదవలేదు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం కూడా అంతే సులువుగా ఉండాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇక్కడ తాళంచెవి మన దగ్గర లేదు, మాట మాత్రమే మనది. అయినా మాట తప్పినవారిని అడగడానికి ఒక చోటు ఉండటం చిన్న విషయం కాదు.

మా పద్ధతిలో నన్ను చాలాకాలం భయపెట్టింది మరొకటి. అన్నిటికీ మూలమైన వరుస పోతే కాగితాలన్నీ పోయినట్టే, ఏ సంస్థకు ఫోన్ చేసినా దాన్ని తిరిగి ఇవ్వలేదు. దీనికి గుప్తలేఖన శాస్త్రవేత్త ఆది షమీర్ 1979లో చూపిన ఉపాయాన్ని వాడాను. గ్రాఫు కాగితం మీద ఒక సరళరేఖ గీసి, అది నిలువు అక్షాన్ని తాకే చోట రహస్యాన్ని ఉంచి, రేఖ మీది వేర్వేరు బిందువులను ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇవ్వాలి. రెండు బిందువులు కలిస్తే రేఖ దొరుకుతుంది. ఒక్క బిందువు గుండా ఎన్ని రేఖలైనా గీయవచ్చు కనుక ఒక్కరి దగ్గరున్నది చూసి రహస్యం గురించి ఏమీ తెలుసుకోలేం. మా మూల వరుసను అలా మూడు భాగాలు చేశాను. ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి చెల్లి దగ్గర ఉన్నాయి. మూడోదాన్ని కాగితం మీద అచ్చు వేసి, కవరులో పెట్టి అమ్మకు ఇచ్చాను. అదేమిటో రెండుసార్లు అడిగి తెలుసుకున్న తరువాత, అమ్మ దాన్ని ఆ ఇనుప బీరువాలోనే పెట్టి తాళం వేసుకుంది.