చేతులు చెప్పేది, ముఖం చెప్పేది

బధిరుల సంజ్ఞా భాష అంటే మనం మాట్లాడే తెలుగునే చేతులతో చూపించడమని మా అనంతపురంలో చదువుకున్నవాళ్ళు సైతం అనుకుంటారు. నిజానికి దానికి తనదైన వ్యాకరణం ఉంది; ఆ వ్యాకరణంలో చాలా భాగం ముఖంలోనూ, మనిషి ఎదుట ఉన్న ఖాళీ స్థలంలోనూ ఉంటుంది.

ఈ సంగతిని శాస్త్రబద్ధంగా చూపడం మొదలుపెట్టినవాడు వాషింగ్టన్‌లోని బధిరుల కళాశాల గాలడెట్‌లో ఇంగ్లీషు బోధించిన విలియం స్టోకీ. అమెరికన్ సంజ్ఞా భాషలోని ప్రతి సంజ్ఞా చేతి ఆకృతి, అది నిలిచే చోటు, కదలిక అనే అంశాలుగా విడిపోతుందని ఆయన 1960లో చూపించాడు. 'కాలు', 'పాలు' అన్న మాటల్లో ఒక్క ధ్వని మారితే అర్థం మారినట్లే, ఆ భాషలో వేళ్ళు చాపిన చేతి బొటనవేలిని నుదుటికి తాకిస్తే తండ్రి, గడ్డానికి తాకిస్తే తల్లి.

ఆర్టీసీ బస్టాండులో ఇద్దరు బధిర యువకులు ఎదురెదురు ప్లాట్‌ఫారాల నుంచి మాట్లాడుకుంటుండగా గమనించాను. (భారతీయ సంజ్ఞా భాష నేర్చుకుంటున్నాను కనుక కొంత అర్థమైంది; అయినా అలా చూడడం చాటుగా వినడం కిందికే వస్తుంది.) మనం 'యాడికి పోతాండావు' అంటాం, భారతీయ సంజ్ఞా భాషలో ప్రశ్న మాట వాక్యం చివరికి పోయి 'నువ్వు, పోవడం, ఎక్కడ' అన్న వరుస వస్తుంది. 'కాదు', 'లేదు' అన్నవీ సాధారణంగా చివరనే వస్తాయి. 'కదిరికి పోతావు' అన్న సంజ్ఞలనే చేస్తూ కళ్ళు పెద్దవి చేసి తల కొంచెం ముందుకు వంచితే 'కదిరికి పోతావా' అవుతుంది. తెలుగులో చివరి దీర్ఘం చేసే పనిని అక్కడ ముఖం చేస్తుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది స్థలం వాడకం. ఆ యువకుడు అన్నను తన కుడివైపు, అంగడి యజమానిని ఎడమవైపు నిలిపి, 'ఇవ్వడం' అన్న సంజ్ఞను కుడి నుంచి ఎడమకు కదిపాడు. డబ్బు ఎవరు ఎవరికి ఇచ్చారో విభక్తి ప్రత్యయం లేకుండానే తేలిపోయింది.

ఇది ఉత్త అభినయమే అనేవారికి మెదడు పరిశోధనలు గట్టి జవాబిస్తాయి: మెదడు ఎడమ భాగం దెబ్బతిన్న బధిరుల్లో సంజ్ఞా భాష చెదిరిపోయినా, మూకాభినయ సామర్థ్యం నిలిచిన సందర్భాలు నమోదయ్యాయి.

ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం 2021 నాటికి తన నిఘంటువును 10,000 పదాలకు పెంచింది. అది అవసరమైన పనే. అయితే పదాలు నేర్చిన ఉపాధ్యాయుడు ముఖం కదపకుండా పాఠం చెబితే, పిల్లలకు ప్రశ్నేదో జవాబేదో తెలియదు.